బావకి చేయించిన గుండె పరీక్ష

టెక్కలిలో ఒక జూనియర్ కాలేజీలో నేను ఇరవై రెండేళ్లుగా జంతుశాస్త్రం చెబుతున్నాను. రక్తం పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒక పెద్ద తెల్లకణాన్ని గీసి, దాని పొట్టలో నాలుగు సూక్ష్మజీవుల్ని వేసి, "ఇవి మన ఒంట్లో కాపలావాళ్లు" అనేవాణ్ణి. పిల్లలు నవ్వేవారు. కాపలావాళ్లు ఇంటివాళ్లనే కొడితే ఏమవుతుందని ఒక అమ్మాయి ఒకసారి అడిగింది. అది సిలబస్‌లో లేదని చెప్పి కూర్చోబెట్టాను.

అది నా ఒంట్లోనే జరుగుతోందని తెలిసిన రోజున నాకు ముందు భయం కలగలేదు. మా బావ మీద అసూయ కలిగింది.

బావ అంటే మా అక్క భర్త. పూండి నుంచి సముద్రం వైపు వెళ్తే, ఉద్దానంలో వాళ్ల ఊరు. కొబ్బరి, జీడి తోటలు. నాకన్నా నాలుగేళ్లు పెద్ద. వాళ్ల పెళ్లినాటికి నాకు పదిహేడు. అప్పటికే నా మోచేతుల మీద, మోకాళ్ల మీద ఎర్రటి మచ్చలు లేచి, తెల్లటి పొలుసులు రాలుతుండేవి. అది సోరియాసిస్ అనీ, ఎవరికీ అంటుకోదనీ చాలా ఏళ్లకి తెలిసింది. అప్పట్లో మాత్రం మా అమ్మ నా తువ్వాలు వేరే తీగ మీద ఆరేసేది. ఎండాకాలంలో కూడా నేను పొడుగు చేతుల చొక్కా విప్పేవాణ్ణి కాదు.

పెళ్లయిన మొదటి వేసవిలో బావ మా ఇంటికి వచ్చాడు. నూతి దగ్గర స్నానం చేసి, చేతికందిన తువ్వాలు తీసుకుని తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అది నాది.

అమ్మ గాభరాపడి, "అది ఆడిది బాబూ, ఉండు, వేరేది ఇత్తాను," అంది.

"ఆడిదైతే ఏటి," అని బావ తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆ మాటకి నేను సంతోషించాల్సింది. అంతకుముందు నా తువ్వాలు ముట్టుకున్నవాళ్లు లేరు. కానీ నాకు కనబడింది ఆయన వీపు. ఒక్క మచ్చ లేకుండా, నల్లగా, నీటిచుక్క నిలవకుండా జారిపోయే వీపు. ఆ వీపుని నేను ఆ రోజు చూసినట్టు ఇంకెవరినీ, ఎప్పుడూ చూడలేదు. ఆయన మంచివాడు కావడం కూడా నాకు గిట్టలేదు. చెడ్డవాడైతే తిట్టుకోడానికైనా ఉండేది.

తర్వాత మా నాన్న మంచాన పడ్డాడు. పక్కకి తిప్పడానికి నేను చెయ్యి వేయబోతే, "అల్లుడొత్తాడు, ఉండు," అనేవాడు. బావ పొద్దున్నే సైకిలు మీద వచ్చి, నాన్నని చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి, దుప్పటి మార్చి, టీ తాగి వెళ్లేవాడు. నాకు బలం చాలదని అనేవాడో, నా చర్మం తగులుతుందని అనేవాడో నాన్నని నేను అడగలేదు. ఆ సంవత్సరమే నాన్న పోయాడు.

ఇంత వయసొచ్చినా బావ మీద ఆ అసూయ పోలేదు. నేను కాశీబుగ్గలో ఇల్లు కట్టుకుని, పొద్దున్నే లేచి నడుస్తాను. సిగరెట్ ముట్టలేదు. మా ఆవిడ నూనె చుక్కలు లెక్కపెట్టినట్టు వేసి వండుతుంది. బావ చుట్ట కాలుస్తాడు. చేప వేపుడు లేనిదే ముద్ద దిగదు, ఆ పక్కన ఎండుచేప కూడా ఉండాలి. ఇప్పటికీ కొబ్బరిచెట్టు ఎక్కుతాడు. దిగి ఎవరితోనైనా మాట్లాడితే గొంతులో ఆయాసం వినబడదు. నేను రెండో అంతస్తులో క్లాసుకి వెళ్లి, అటెండెన్స్ తీసే వంకతో ఊపిరి తీసుకుంటాను.

జీడిపిక్కలు ఏరే కాలంలో ఒక ఆదివారం నేనూ మా ఆవిడా వాళ్ల తోటకి వెళ్లాం. నేను నీడలో కూర్చుని పండ్ల నుంచి పిక్కలు తిప్పి తీస్తున్నాను. ఎడమ దవడ లాగింది. పన్ను నొప్పి అనుకున్నాను. కాసేపటికి ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. చొక్కా తడిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. బావ దూరం నుంచి చూశాడు.

"ఏటలా ఉన్నావు?"

"గ్యాసు బావా. తగ్గిపోతాది."

"గ్యాసుకి పెదాలు తెల్లబడతాయేటి? లెగు."

లేవలేకపోయాను. రెండు చేతులూ నా కిందకి పోనిచ్చి ఎత్తేశాడు. తోట అవతల ఆటో దాకా ఇసుకలో నన్ను మోసుకుంటూ పరిగెత్తాడు. నా చెవి ఆయన ఛాతీకి ఆనుకుని ఉంది. నేను చచ్చిపోతున్నానేమో అనిపిస్తోంది. అయినా ఆ గుండె చప్పుడు విన్నాను. తొణక్కుండా, ఒకే తీరుగా కొట్టుకుంటోంది. 'ఇంత బరువు మోస్తున్నా వీడికేం కావడం లేదు' అనుకున్నాను. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

కాశీబుగ్గ ఆసుపత్రిలో ఈసీజీ తీసి, గుండెపోటని చెప్పి, రక్తపు గడ్డ కరగడానికి ఇంజెక్షన్ ఇచ్చి, అంబులెన్స్‌లో శ్రీకాకుళం పంపించారు. టెక్కలి దాటుతున్నప్పుడు మా ఆవిడ "కాలేజీ వచ్చింది," అంది, నేను మెలకువగా ఉన్నానో లేదో చూడ్డానికి. బావ నా కాళ్ల దగ్గర కూర్చుని, అరికాళ్లు చేత్తో రుద్దుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రం నా గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు.

మూడో రోజు డాక్టరు నా మంచం దగ్గరికి వచ్చింది. చిన్న వయసు. నా కాగితాలు తిరగేసి, "కొలెస్ట్రాల్ మరీ ఎక్కువేం లేదు. సిగరెట్ లేదు, షుగర్ లేదు," అని ఆగింది. సెలైన్ సూది కోసం నా చొక్కా చెయ్యి పైకి మడిచి ఉంది. ఆవిడ నా మోచెయ్యి చూసింది.

"ఇది ఎప్పట్నుంచి?"

"పదహారో ఏట నుంచి, మేడమ్. దానికీ దీనికీ సంబంధం ఏముంది?"

"మీరేం చేస్తుంటారు?"

చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అయితే మీకు త్వరగా అర్థమవుతుంది. అందరూ రక్తనాళాన్ని నీళ్ల పైపు అనుకుంటారు, కొవ్వు పేరుకుని మూసుకుపోయిందంటారు. దాని గోడ ప్రాణం ఉన్న గోడ, మాస్టారూ. రక్తంలో కొవ్వు కొంచెం ఆ గోడలోకి దిగుతుంది. దాన్ని ఎత్తిపారేద్దామని తెల్లకణాలు లోపలికి పోతాయి. తింటాయి. తిని తిని ఉబ్బిపోయి, బయటికి రాలేక అక్కడే చచ్చిపోతాయి. అవి ఊరుకోవు. రసాయనాలు వదిలి ఇంకొన్నిటిని పిలుస్తాయి. వచ్చినవీ అంతే. గోడలో వాపు పెరుగుతుంది. ఆ వాపు మీద సన్నటి పొర ఒకటి కప్పుకుని ఉంటుంది. లోపలి కణాలే ఆ పొరని కూడా కొరికి పల్చన చేస్తాయి. ఒకరోజు చిట్లుతుంది. చిట్లిన చోట రక్తం గడ్డకడుతుంది. మీకు తోటలో జరిగింది అదే."

"కొవ్వు ఎక్కువ లేదన్నారు కదా."

"కొంచెం కొవ్వు చాలు, కణాలు మరీ చురుగ్గా ఉంటే. మీ చర్మం మీద ఇన్నేళ్లుగా జరుగుతున్నదీ ఆ రకం గొడవే. చర్మం మీద గొడవ చర్మంతో ఆగదు. అక్కడి రసాయనాలు రక్తంలో పడి ఒళ్లంతా తిరుగుతాయి, గుండె దగ్గర కణాల్ని కూడా రెచ్చగొడతాయి. ఇదొక్కటే కారణమని నేను చెప్పను. వయసుంది, వంశం ఉంటుంది. కానీ ఇదీ ఒక కారణమే."

నేను బోర్డు మీద గీసిన కణాలు నాకు గుర్తొచ్చాయి. ఇన్నేళ్లూ నేను దాచుకున్న మచ్చలు పైకి కనిపించే భాగం మాత్రమేనని అర్థమయింది. అంత విన్నాక మనిషి అడగాల్సినవి చాలా ఉంటాయి. నేను అడిగింది ఇది.

"మరి ఈయనకి ఎందుకు రాలేదు, మేడమ్?"

బావ సంచీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. చొక్కా జేబులో చుట్టలు ఎత్తుగా కనబడుతున్నాయి.

"ఈయన చుట్ట కాలుస్తాడు. రోజూ వేపుడే. ఈయన కణాలేం చేస్తున్నాయి?"

బావ నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. "రాలేదంటే రాదని కాదు. ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరు," అంది. వెళ్తూ వెళ్తూ, "మీ తోడబుట్టినవాళ్లు ఉంటే ఒకసారి పరీక్ష చేయించుకోమనండి," అని చెప్పింది.

ఇంటికి వచ్చాక నన్ను చూడ్డానికి కాలేజీవాళ్లు, చుట్టాలు వచ్చారు. వచ్చినవాళ్లు నా మంచం పక్కన రెండు నిమిషాలు కూర్చుని, వరండాలో బావ దగ్గరికి వెళ్లి అరగంట కూర్చునేవారు. నన్ను ఎత్తుకుని పరిగెత్తిన కథ వాళ్లకి కావాలి. బావ ఎక్కువ చెప్పేవాడు కాదు. మిగతాది మా ఆవిడ చెప్పేది. "అన్నయ్య లేకపోతే ఈయన లేరు," అనేది ప్రతిసారీ చివర్లో. అది నిజం. గోడ ఇవతల పడుకుని ఆ నిజం వింటూ నేను దుప్పటి అంచు నలిపేవాణ్ణి.

పడుకుని చేసేదేం లేక గుండె రక్తనాళాల వాపు గురించి దొరికినదల్లా చదివాను. ఏ కణం ముందు వెళ్తుంది, ఏది దాన్ని పిలుస్తుంది, ఏది సర్దిచెప్పి వెనక్కి పంపుతుంది. అలా సర్దిచెప్పే కణాలు కూడా ఉంటాయట. బావకి అవి దండిగా ఉండి ఉంటాయని, నాకు లేవని అనుకున్నాను. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. ఆయనకీ లోపల ఉందేమో. అన్నేళ్ల చుట్ట ఊరికే పోతుందా. బయటపడలేదంతే. ఆ ఆలోచన వచ్చిన రోజు నాకు అన్నం సహించింది.

నడవగలిగాక ఉద్దానం వెళ్లాను. అక్క పనసకాయ కోస్తోంది. బావతో చెప్పాను. "డాక్టరు సెప్పింది కదా, ఇంట్లోవాళ్లు సూపించుకోవాలని. నీకు సేయిద్దాం."

అక్క చేతులకి నూనె రాసుకుంటూ తలెత్తింది. "ఒక్క కడుపున పుట్టింది నేనా, ఆయనా?"

"నీకూ సేయిద్దాంలే. ముందు బావకి. చుట్ట కదా," అన్నాను.

అక్క నన్ను కొంచెం ఎక్కువసేపే చూసింది. మళ్లీ పనసకాయ మీదకి వంగింది. బావ మాత్రం, "పోనీ, ఆడి తృప్తి కోసం ఎల్దాం," అన్నాడు.

శ్రీకాకుళంలో ఈసీజీ బాగానే వచ్చింది. కదిలే పట్టా మీద నడిపించే పరీక్ష చేశారు. బావ చెప్పులు విప్పి, లుంగీ కాబట్టి నా ప్యాంటు ఒకటి తొడుక్కుని, పొట్టిదైన ఆ ప్యాంటుతో నడిచాడు. వేగం పెంచారు. మళ్లీ పెంచారు. ఇక చాలని వాళ్లే ఆపారు. "మీ బావగారిది కుర్రాడి గుండె సార్," అన్నాడు టెక్నీషియన్. నేను నవ్వాను. నా మొహం ఎలా ఉందో బావ చూశాడనుకుంటాను.

అంతటితో ఆగాల్సింది. ఆ పరీక్షలో రక్తనాళం గోడలోని వాపు తెలియదని, నాకూ అలాగే తెలియకుండా ఉందని చెప్పి, విశాఖపట్నం తీసుకెళ్లాను. అక్కడ రక్తంలోకి రంగుమందు ఎక్కించి గుండె నాళాలని స్కాన్ తీస్తారు. అందులో గోడ కనబడుతుంది. అక్కడి డాక్టరు అవసరం లేదేమో అన్నాడు. నేను బతిమాలాను. చేద్దామన్నాడు. రంగుమందు ఎక్కించేముందు రక్తపరీక్ష తప్పనిసరి అని కొంచెం రక్తం తీసుకున్నారు.

బెంచీ మీద కూర్చున్నాం. బావ బయటికి వెళ్లి చుట్ట కాల్చి వచ్చాడు. నేను మాత్రం స్కాన్‌లో ఏం కనబడాలో లోపల్లోపల దిద్దుకుంటున్నాను. పెద్దది వద్దు. ప్రాణం మీదకి రావద్దు. కొంచెం మరక. కొంచెం వాపు. నేనొక్కణ్ణే కాదని తెలిస్తే చాలు.

టెక్నీషియన్ కాగితం పట్టుకుని వచ్చాడు. "స్కాన్ తీయలేం సార్. క్రియాటినిన్ ఎక్కువుంది. రంగుమందు ఇస్తే కిడ్నీల మీద ఇంకా భారం."

ఇంటింటా కిడ్నీ జబ్బు ఉన్న ఉద్దానంలో సంతకం చేయడం రానివాళ్లకి కూడా ఆ మాట తెలుసు. బావకి అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. ఊళ్లో కిడ్నీ పరీక్షలకి మనుషులు వచ్చినప్పుడల్లా తోటలో పని ఉందని తప్పించుకున్న మనిషి. ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, "అలగా," అన్నాడు. అంతే.

నాకు ఏమనిపించిందో రాయాలి. ఒక్క క్షణం, ఊపిరి తీసుకున్నంత సేపు, నాకు హాయిగా అనిపించింది. దొరికింది అనుకున్నాను. ఆ వెంటనే ఆయన బొటనవేలు మోకాలి మీద గీతలు గీయడం చూశాను. బాత్‌రూమ్‌కి వెళ్లి కుళాయి కింద తల పెట్టాను.

కిడ్నీల డాక్టరు ఇంకా తొలిదశే అన్నాడు. నడుంనొప్పికి బావ ఏళ్ల తరబడి మందుల షాపులో కొని మింగుతున్న మాత్రల గురించి అడిగి, వాటిని ఆ రోజే ఆపమన్నాడు. ఉప్పు తగ్గించాలి. చుట్ట మానాలి. బీపీకి మాత్ర వేసుకోవాలి. మూడు నెలలకోసారి రక్తం చూపించుకోవాలి. "ఇంకో రెండేళ్లు ఆలస్యమైతే వేరే మాట చెప్పాల్సి వచ్చేది. తీసుకొచ్చి మంచి పని చేశారు," అని నాతో అన్నాడు. నేను నేల చూశాను.

తిరుగు ప్రయాణం పలాస పాసింజరులో. బావ కిటికీ పక్కన కూర్చున్నాడు. కోటబొమ్మాళిలో ఎక్కినవాళ్లు సర్దుకుని కూర్చున్నాక, బయటికి చూస్తూనే అన్నాడు.

"నాకేదో ఒకటి ఉండాలని తీసుకెళ్లినావు కదా."

కాదందామనుకున్నాను. "అవును బావా," అన్నాను.

"తెలుసు. మిషను మీద నడిసినప్పుడు నీ మొకం సూసినాను."

"మరి విశాఖపట్నం ఎందుకొచ్చావు?"

"నువ్వు ఊరుకోవు గదా." "మీ నాన్న మంచంలో ఉన్నప్పట్నుంచీ సూత్తన్నాను. నేనొత్తే నువ్వు పెరట్లోకెళ్లిపోయేవోడివి. నానేటి సేసినానో నాకు తెలీలేదు. మీ అక్కనడిగితే, ఆడి మనసు మంచిదేలే అనీది."

"నువ్వేం చెయ్యలేదు."

"అదే సెప్తన్నాను."

నాకు క్షమించమని అడగాలనిపించింది. చుట్టూ జనం. బావ జేబులోంచి చుట్టల కట్ట తీసి, చేతిలో తిప్పి, ఎదురుగా కూర్చున్న ముసలాయనకి ఇచ్చేశాడు. "ఇంక ఊరుకో. దొరికింది గదా," అన్నాడు నాతో. కోపంగా అనలేదు. పూండిలో దిగి, వెనక్కి చూడకుండా ప్లాట్‌ఫారం మీద నడిచి వెళ్లిపోయాడు. రెండువారాలు నాకు ఫోన్ చేయలేదు. నేను చేస్తే అక్క ఎత్తింది.

ఆ రెండువారాల్లో నేను చేసిన మంచిపని ఒకటే. అక్కని తీసుకెళ్లి పరీక్ష చేయించాను. ఆవిడకి కొలెస్ట్రాల్ ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ ఉంది. మాత్రలు మొదలుపెట్టారు. ఆసుపత్రి మెట్లు దిగుతూ, "మొదటే నన్ను తెచ్చుంటే ఆయన సంగతి తెలీకపోను. అందుకని నిన్నేటీ అనను," అంది. అంతకుమించి ఆ విషయం మా మధ్య రాలేదు.

అది జరిగి ఏడాదిన్నర. నేను చర్మ వైద్యుడి దగ్గర సరైన మందు వాడుతున్నాను. మచ్చలు చాలావరకు సర్దుకున్నాయి. రక్తంలో వాపుని చూపించే పరీక్ష కూడా మెరుగుపడింది. లోపలి కణాలు శాంతించాయని పూర్తిగా అనలేమని, గొడవ తగ్గిందని డాక్టరు అంటుంది. బావ క్రియాటినిన్ పెరగలేదు. చుట్ట మానేశాడు. ఆయన గుండె నాళాల గోడలు ఎలా ఉన్నాయో నాకు తెలియదు. ఇక తెలుసుకోను కూడా.

అసూయ పోయిందా అంటే పోలేదు. ఇప్పుడు ఊరంతా ఆయన్నే పలకరిస్తుంది. నాకు గుండెపోటు వచ్చిన సంగతి మా సొంత చుట్టాలకే గుర్తులేదు. మొన్న ఒక పెళ్లిలో బావకి ఉప్పు లేని కూర వేరే గిన్నెలో తెచ్చి పెట్టారు. నా ఆకులో అందరితోపాటు వేపుడు వేసి వెళ్లిపోయారు. వయసు యాభై దాటిన మనిషిని, ఆ గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాను.

అక్క ఒకరోజు ఫోన్ చేసి, "ఒక్కడూ సప్పిడి తిండి తినలేక ఇసిరి కొడతన్నాడు. నువ్వు పక్కన కూకుంటే తింతాడేమో, ఆదోరాలు రా," అంది. బావ అడగమన్నాడా, తనే అడిగిందా అని నేను అడగలేదు. అప్పట్నుంచి ఆదివారాలు వెళ్తున్నాను. మొదటి రెండుసార్లు బావ వాన గురించి, కొబ్బరి తెగులు గురించి తప్ప మాట్లాడలేదు. మూడోసారి నా కంచంలోకి చూసి, "నీకు ఉప్పు ఎయ్యమను. నీకేటి, నీది గుండె," అన్నాడు.

"వద్దులే బావా," అన్నాను.

ఇద్దరం చప్పటి ఆనపకాయ కూర కలుపుకుని తిన్నాం. ఆయన నాకన్నా ముందే తినేసి, రెండోసారి పెట్టించుకున్నాడు. నేను మొదటి ముద్దలతోనే కుస్తీ పడుతున్నాను.